నీళ్లలో మునిగిన వాళ్లు ఏం నమ్మారు?

'గంజి కోసం మతం మారారు' అనే మాట పాలెంలో పుట్టిన ప్రతివాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఏట్లో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. 1876-78 కరువు పక్కనే ఉంది కాబట్టి, రెంటినీ ముడిపెట్టి చరిత్ర తేల్చేశారు. వాళ్లు ఏం నమ్మారని మాత్రం అడగలేదు.

ముందు తేదీలు చూద్దాం. రాజయోగం సాధన చేసిన తోళ్ల వ్యాపారి, మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందింది 1866లో. కరువుకి పదేళ్ల ముందు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. అదే నెలలో పేరయ్య ఊరు తాళ్లకొండపాడులో మరో 28 మంది చేరారు. కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల కంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. ఆ కరువు పనులు నడుస్తుండగా బాప్తిస్మాలు ఆపేశాడు కూడా. కూడు కోసమే అయితే కాలవ మీద కూలి చేస్తే దొరికింది గదా. దానికి నీళ్లలో మునగాల్సిన పనేముంది?

ఇక నమ్మకాల సంగతి. బాప్టిస్టులకు బైబిలే ప్రమాణం. పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. పక్కనే గుంటూరు లూథరన్లు ఇస్తారు, వీళ్లు ఇవ్వరు. తెలివొచ్చిన మనిషి తన నోటితో తానే విశ్వాసం ఒప్పుకోవాలి, నిండా మునగాలి. దేవుడికీ మనిషికీ నడుమ పూజారి ఉండడు. ప్రతి సంఘం తన వ్యవహారం తానే చూసుకోవాలి. విశ్వాసంలో సర్కారు జోక్యం ఉండకూడదు.

అమెరికాలో ఇవి వేదాంత చర్చలు. మాదిగపల్లెలో వీటి అర్థం వేరు. పుట్టుకతోనే వృత్తీ వెట్టీ అంటగట్టిన చోట, పుట్టుకతో ఏదీ రాదు, నువ్వే ఒప్పుకోవాలి అనడం చిన్న మాట కాదు. గుడి గడప తొక్కనీయని మనిషికి పూజారి అక్కర్లేదని చెప్పడం కూడా చిన్న మాట కాదు.

ఆ నమ్మకం మూడు కట్టుబాట్లుగా పల్లెలోకి దిగింది: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. పైకి ఇవి మతనియమాలు. మూడో నియమంతో ఊరి జాతరలో డప్పు ఆగింది. మొదటి నియమంతో వారానికొక రోజు ఆసామి మాట చెల్లలేదు. ఊరికి విషయం వెంటనే అర్థమైంది. పనులు మానిపించారు, నీళ్లు ముట్టనివ్వలేదు. చరిత్రకారులకు కనపడని తిరుగుబాటు ఆసామికి కనపడింది.

ఇంకోమాట చెప్పుకోకపోతే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. ఎవరికి వారే నమ్మాలన్న సిద్ధాంతం పల్లెలో చుట్టరికాల వెంట, పెద్దమనుషుల మాట వెంట నడిచింది. సంఘానికి స్వపరిపాలన అన్నారు గానీ డబ్బు సంచి మిషనరీ చేతిలోనే ఉండింది. పైగా డప్పును దెయ్యాల వాద్యం చేసి, మన కళను మనకే పరాయి చేశారు. సంఘంలోనూ మాల మాదిగల అంతరం పోలేదు. మునిగినంత మాత్రాన కులం కొట్టుకుపోలేదు.

కులం పోలేదని మనం ఒప్పుకుంటున్నాం. సర్కారు ఒప్పుకోదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవ దళితులు బయటే ఉన్నారు. ఇక్కడ వాళ్లను బీసీ-సీలో పెట్టి ఒక్క శాతంతో సరిపెట్టారు. విశ్వాసంలో సర్కారుకి పనిలేదని నమ్మిన వాళ్ల మనవలు, మునిమనవలు ఈరోజు ఏ దేవుణ్ని మొక్కుతున్నారో సర్టిఫికెట్టు కోసం సర్కారుకే చెప్పుకోవాల్సి వస్తోంది. కాగితం మీద హిందువు, ఆదివారం క్రైస్తవుడు. ఈ రెండు పేర్ల బతుకు వాళ్ల మోసం కాదు, చట్టం వాళ్ల నెత్తిన పెట్టిన బరువు.

పాలేల్లో ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల అవ్వలు, తాతలు ఏ కట్టుబాటు కోసం ఏం పోగొట్టుకున్నారో అడిగి రాసుకోవాలి. గంజి మాటకి మనం చెప్పగల జవాబు అక్కడుంది.