నడుము నుంచి కాలికి గుంజుతోందా? ఏ నరం నలిగిందో నొప్పి దారే చెబుతుంది!

ఎండాకాలం వస్తే భద్రాచలం, కొత్తగూడెం అడవుల్లో తునికాకు సేకరణ మొదలవుతుంది. వంగి ఆకు కోయడం, 50 ఆకుల చొప్పున కట్టలు కట్టడం, మూటలను కల్లానికి మోయడం.. అంతా నడుం మీదే భారం. ఖమ్మం మిర్చి తోటల్లోనూ వంగి చేసే పనే ఎక్కువ. ఇలాంటి పనుల్లో నడుం నొప్పి మామూలే. కానీ ఆ నొప్పి పిరుదు మీదుగా కాలికి దిగుతుంటే నరం మీద ఒత్తిడి పడుతోందని అనుమానించాలి.

నడుములో ఏముంది?

నడుం భాగంలో 5 పూసలుంటాయి. డాక్టర్లు వీటిని ఎల్1 నుంచి ఎల్5 వరకు లెక్కిస్తారు. వెన్నుపాము దాదాపు ఎల్1, ఎల్2 దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి నరాలు గుర్రం తోకలా గుత్తిగా కిందికి దిగుతూ, పూసల మధ్య సందుల్లోంచి రెండు వైపులా జంటగా బయటకొస్తాయి. ఎల్4 నుంచి ఎస్3 వరకు నరాల పాయలు కలిసి సయాటిక్ నరంగా మారతాయి. శరీరంలో అన్నిటికంటే లావైన నరం ఇదే.

పూసల మధ్య మెత్తని డిస్క్ ఉంటుంది. వంగి బరువెత్తినప్పుడు దానిపై ఒత్తిడి పెరుగుతుంది. అది పక్కకు ఉబ్బితే నరం నలుగుతుంది. ఎక్కువగా దెబ్బతినేవి చివరి రెండు డిస్కులే.

ఏ నరానికి ఏ లక్షణం?

ఎల్4: మోకాలి ముందు నుంచి పిక్క లోపలి వైపు నొప్పి, తిమ్మిరి.

ఎల్5: పిక్క బయటి వైపు నుంచి పాదం పైభాగం, బొటనవేలి దాకా తిమ్మిరి. బొటనవేలు పైకి లేవదు. నడుస్తుంటే చెప్పు జారిపోతుంది.

ఎస్1: పిక్క వెనక నుంచి చిటికెన వేలి దాకా గుంజుడు. మునివేళ్లపై నిలబడటం కష్టం.

ఇలా అయితే ఆగొద్దు

చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుతుంది. రోజుల తరబడి మంచం పట్టకుండా, ఓర్చుకోగలిగినంత మేర నడవడమే మంచిది. అయితే మూత్రం ఆగిపోయినా, తెలియకుండా మల మూత్రాలు పోతున్నా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, కాళ్లలో బలం తగ్గుతున్నా అది ఎమర్జెన్సీ. గుర్రం తోక లాంటి ఆ నరాల గుత్తి మొత్తం నలుగుతోందని దానర్థం. నొప్పి సూదులతో రోజులు గడిపితే ఆ నష్టం శాశ్వతంగా మిగిలిపోవచ్చు. గూడెం నుంచి పెద్దాసుపత్రి దూరమైతే తెల్లారేదాకా చూడకుండా వెంటనే 108కు ఫోన్ చేయాలి.