కోరంగి రేవులో ఓడల అడుగు మరమ్మతు

తెరచాప ఓడ అడుగున ముందు నుంచి వెనక దాకా సాగే దూలమే కీల్. ఓడ నీటిలో ఉన్నంతసేపూ అది మరమ్మతుకు అందదు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి ఓడల మరమ్మతుకు పేరుపడ్డ రేవు. 1802లో ఎబెనెజర్ రోబక్ అనే వ్యక్తి అక్కడ డాక్ కట్టించాడు. పోటు మీద ఓడను డాక్‌లోకి తెచ్చి, తలుపు మూసి, నీరు తోడేస్తే ఓడ దిమ్మెల మీద కూర్చుంటుంది. అప్పుడు పనివాళ్లు దాని కిందకి దూరి పుచ్చిన చెక్క తీసి కొత్తది బిగించేవారు. సందుల్లో నార కూరేవారు. సముద్రపు పురుగు చెక్కను తొలవకుండా ఆ కాలపు పెద్ద ఓడలకు రాగి రేకు కూడా తొడిగేవారు.

ఇంత నైపుణ్యం ఉన్న ఊరిని ప్రకృతి నిలవనివ్వలేదు. 1789లోనూ, 1839లోనూ ఉప్పెనలు ముంచేశాయి. గోదావరి ఒండ్రు రేవును పూడ్చింది. వ్యాపారం కాకినాడకు తరలిపోయింది.

ఇలా పూడిపోయి లోతు తగ్గిన నీటికి తగిన ఉపాయం పైకెత్తే కీల్. దాని చిన్న రూపం నేడు హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో తిరిగే లేజర్ అనే చిన్న తెరచాప పడవల్లో పలకలా కనిపిస్తుంది. మధ్య గాడిలోంచి ఆ పలకను ఒక్కరే చేత్తో లాగేయొచ్చు. అంచు పగిలితే ముందు బాగా ఆరబెట్టాలి, తడి మీద ఎపాక్సీ జిగురు పట్టదు. తర్వాత దానితో పగులు పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ గాడిలో దించుతారు.