బరువు తగ్గితే జుట్టు మాటేమిటి? పీసీఓఎస్ స్త్రీల సమస్యపై ఒక పరిశీలన

పులికాట్ సరస్సుకూ చెన్నై వెళ్లే జాతీయ రహదారికీ నడుమ ఉన్న ఊరు తడ. నాలుగడుగులు వేస్తే తమిళనాడు సరిహద్దు. 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లాలో ఉండి, ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరింది. మాంబట్టులో అపాచీ బూట్ల ఫ్యాక్టరీ, ఆ పక్కన శ్రీసిటీ వచ్చాక చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లల దినచర్య మారిపోయింది. పొలం పనికో, చేపల పనికో పోవాల్సినవాళ్లు ఇప్పుడు కంపెనీ బస్సెక్కి షిఫ్టుకు పోతున్నారు. చాలామంది ఇరవైల్లో ఉన్నవాళ్లు. పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) తన లక్షణాలన్నీ చూపించే వయసు కూడా అదే. నెలసరి తప్పుతుంది, గడ్డం కింద ముతక వెంట్రుకలు మొలుస్తాయి, పాపిడి వెడల్పవుతుంది, జడ సన్నబడుతుంది. స్కానింగులో నీటి బుడగలున్నాయని తేలాక డాక్టరు దగ్గర ముందుగా వినబడే మాట ఒకటే: “బరువు తగ్గమ్మా, అన్నీ అవే సర్దుకుంటాయి.”

ఈ సలహా తప్పు కాదు. కానీ అందులోని “అన్నీ” అనే మాటను జుట్టు దగ్గర ఆపి చూడాలి. నెలసరి, ముఖం మీది రోమాలు, తల మీది జుట్టు... ఈ మూడూ బరువు తగ్గడానికి ఒకేలా, ఒకే వేగంతో స్పందించవు. ఆ తేడా ముందే చెప్పకపోతే, ఆరు నెలలు కష్టపడి బరువు తగ్గిన అమ్మాయి అద్దం ముందు నిలబడి తన కష్టమంతా వృథా అనుకుంటుంది. చికిత్స మధ్యలోనే ఆగిపోతుంది.

సమస్య చిన్నదేమీ కాదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశంలోని పలు ప్రాంతాల్లో 18 నుంచి 40 ఏళ్ల స్త్రీల మీద జరిగిన సర్వే ఫలితాలు 2024లో వెలువడ్డాయి. నిర్ధారణకు వాడే రాటర్‌డామ్ ప్రమాణాల ప్రకారం నూటికి దాదాపు ఇరవై మందిలో పీసీఓఎస్ కనిపించింది. మరింత కఠినమైన పాత ప్రమాణాలతో లెక్కిస్తే అది 7.2 శాతం. ఆంధ్రప్రదేశ్ సంగతికొస్తే, అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) రెండు విషయాలు పక్కపక్కనే చెప్పింది. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 36.3 శాతం మంది ఉండాల్సిన బరువుకన్నా ఎక్కువున్నారు. అదే వయసువాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. జుట్టు విషయంలో ఈ రెండంకెలనూ కలిపి చదవాలి. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

బరువుకూ వెంట్రుకకూ లంకె ఎక్కడుంది? ఇన్సులిన్ దగ్గర. నడుం చుట్టూ కొవ్వు పేరుకున్నప్పుడు ఒంట్లోని కణాలు ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తాయి. దాంతో క్లోమం మరింత ఇన్సులిన్ విడుదల చేస్తుంది. మెడ వెనుక నల్లగా, మందంగా మారిన చర్మం చాలాసార్లు దీనికి పైకి కనిపించే గుర్తు. అదనపు ఇన్సులిన్ రెండు పనులు చేస్తుంది. అండాశయాల్ని ఉసిగొలిపి టెస్టోస్టిరోన్ వంటి పురుష హార్మోన్లను ఎక్కువగా తయారు చేయిస్తుంది. రక్తంలో టెస్టోస్టిరోన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్‌ను కాలేయం తక్కువగా తయారుచేసేలా చేస్తుంది. పట్టి ఉంచేది తగ్గేసరికి స్వేచ్ఛగా తిరిగే హార్మోన్ పెరిగి చర్మంలోని రోమకూపాల దాకా చేరుతుంది. అక్కడ ఒక ఎంజైము దాన్ని మరింత ఘాటైన రూపంలోకి మారుస్తుంది.

ఇక్కడే ఒంటి విచిత్రం ఒకటి బయటపడుతుంది. అదే హార్మోన్ గడ్డం మీద నూగును ముతక వెంట్రుకగా మారుస్తుంది, నడినెత్తి మీద ముతక వెంట్రుకను నూగుగా మారుస్తుంది. ఒకచోట వద్దన్నా మొలుస్తుంది, మరోచోట కావాలన్నా నిలవదు. బరువు తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది, పట్టి ఉంచే ప్రొటీన్ పెరుగుతుంది, స్వేచ్ఛా టెస్టోస్టిరోన్ దిగొస్తుంది. ఇంతవరకు శాస్త్రంలో పెద్దగా తగవు లేదు. లండన్ పరిశోధకులు 1992లో ప్రచురించిన అధ్యయనంలో 24 మంది స్థూలకాయ పీసీఓఎస్ స్త్రీలకు తక్కువ కెలోరీల ఆహారం ఇచ్చారు. వారిలో 13 మంది తమ బరువులో 5 శాతానికి మించి తగ్గారు. హార్మోన్ల మార్పు, నెలసరి మెరుగుదల ప్రధానంగా ఆ 13 మందిలోనే కనిపించాయి. అప్పటినుంచి “అయిదు శాతం” అన్న మాట వైద్యుల నోట స్థిరపడింది. 70 కిలోల మనిషికి అది మూడున్నర కిలోలే.

అయితే హార్మోన్ దిగినంత తేలిగ్గా వెంట్రుక వెనక్కి పోదు. ముతకబారిన రోమకూపం హార్మోన్ తగ్గగానే మళ్లీ నూగు స్థితికి జారిపోదు. ఉన్న వెంట్రుక తన ఆయుష్షు తీరేదాకా ఉంటుంది, ఆ తర్వాత వచ్చేది కాస్త సన్నగా, కాస్త మెల్లగా రావచ్చు. అందుకే ముఖం మీది రోమాలకు ఏ మందు ఇచ్చినా కనీసం ఆరు నెలలు ఆగి చూడమంటారు. బరువు తగ్గించే సర్జరీలు చేయించుకున్న స్త్రీల అధ్యయనాలన్నిటినీ కలిపి 2017లో ప్రచురించిన ఒక విశ్లేషణ ఈ తేడాను స్పష్టంగా చూపింది. సర్జరీ తర్వాత నెలసరి సమస్య తీరినవాళ్లు 96 శాతం. అవాంఛిత రోమాల సమస్య తీరినవాళ్లు 53 శాతం. పదుల కిలోలు తగ్గినా సుమారు సగం మందికి రోమాలు మిగిలే ఉన్నాయన్నమాట. నాలుగైదు కిలోలు తగ్గినవాళ్లకు ఏం ఆశ చూపవచ్చో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఆ ఆశను అంకెలో చెప్పడానికి ఒక కొలబద్ద ఉంది. ఫెరిమన్, గాల్వే అనే ఇద్దరు 1961లో రూపొందించిన పద్ధతికి తర్వాత చేసిన సవరణ అది. పై పెదవి, గడ్డం, ఛాతీ, పొట్ట పైభాగం, కింది భాగం, వీపు పైభాగం, నడుము, మోచేతికి పైనున్న చేతులు, తొడలు... ఈ తొమ్మిది చోట్లా సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేస్తారు. మొత్తం 36. పై పెదవినే తీసుకుంటే, చివర్లలో నాలుగైదు వెంట్రుకలుంటే ఒకటి. చివర్లలో చిన్న మీసంలా ఉంటే రెండు. అది సగం దూరం పాకితే మూడు. మధ్య గీత దాకా వస్తే నాలుగు. కొలిచేవాళ్లు వెలుతురులో దగ్గరగా చూడాలి. అంతకుముందు కొన్నాళ్లు థ్రెడింగ్, వ్యాక్సింగ్ మానాలి. చెప్పినంత సులువేం కాదది. పార్లరుకు పోకుండా మొహం చూపించుకుని పనిలోకి వెళ్లడమంటే ఎంత ఇబ్బందో ఆ అమ్మాయికే తెలుసు.

ఈ కొలతతో చేసిన పరీక్షల్లో తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. బెంగళూరులోని స్వామి వివేకానంద యోగ అనుసంధాన సంస్థాన పరిశోధకులు ఆంధ్రప్రదేశ్‌లోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో 15 నుంచి 18 ఏళ్ల వయసున్న 460 మంది అమ్మాయిలను పరీక్షించి, 9.13 శాతం మందిలో పీసీఓఎస్ ఉందని 2011లో వెల్లడించారు. ఆ తర్వాత పీసీఓఎస్ ఉన్న 90 మంది అమ్మాయిలను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టు రోజూ గంటసేపు యోగా, రెండో జట్టు అంతేసేపు మామూలు వ్యాయామం. పన్నెండు వారాలు. 2013లో వచ్చిన ఫలితాల్లో యోగా జట్టు రోమాల స్కోరు సగటున 1.14 తగ్గింది, రెండో జట్టుది దాదాపు కదల్లేదు. టెస్టోస్టిరోన్ కూడా యోగా జట్టులోనే దిగింది. బరువులో మాత్రం రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఈ చివరి వాక్యం దగ్గర ఆగాలి. కాటా మీద తేడా లేకుండానే హార్మోన్లో, రోమాల్లో తేడా వచ్చింది. ఇదే పరిశోధకుల 2012 నాటి పత్రం కారణానికి దారి చూపుతుంది: యోగా జట్టులో ఇన్సులిన్ నిరోధకత తగ్గింది, ఒంటి కొలతల మార్పుతో సంబంధం లేకుండానే. రోమాలకు అసలు సంబంధం కాటా ముల్లుతో కంటే ఇన్సులిన్‌తోనే అని దీన్నిబట్టి అనుకోవడం సబబు. బరువు తగ్గడం ఇన్సులిన్‌ను దించే గట్టి దారి; అదొక్కటే దారి కాదు. పన్నెండు వారాలు వెంట్రుక జీవితంలో చిన్న గడువు, 90 మంది పెద్ద సంఖ్య కాదు, కాబట్టి ఈ ఒక్క పరీక్షతో యోగాకు పట్టం కట్టేయనవసరం లేదు. కానీ బరువు తగ్గనంత మాత్రాన వ్యాయామం దండగ కాదని నిలబెట్టడానికి ఇది చాలు. పీసీఓఎస్‌పై 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలూ ఆ మాటే అంటున్నాయి.

జీవనశైలి మార్పుల మీద పలు పరీక్షలను కలిపి 2011లో వచ్చిన కాక్రేన్ సమీక్షలో రోమాల స్కోరు సగటు తగ్గుదల 1.19. ఆంధ్రా అమ్మాయిల అంకెకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. ముప్పై ఆరులో ఒకటి. అంటే మధ్యదాకా వచ్చిన మీసం సగం దాకా వెనక్కి తగ్గినట్టు. థ్రెడింగ్‌కు వారం వారం పోయేవాళ్లు పది రోజులకోసారి పోవడానికి అది సరిపోవచ్చు. పార్లరే అక్కర్లేకుండా పోతుందని మాత్రం చెప్పకూడదు. మిగతా రోమాలకు లేజరు, క్రీములు, డాక్టరు రాసే గర్భనిరోధక మాత్రలు ఉన్నాయి. వీటిని బరువు తగ్గేదాకా వాయిదా వెయ్యడంలో అర్థం లేదు. రెండూ కలిసి సాగాలి. స్పైరోనోలాక్టోన్ వంటి మాత్రలు వాడేటప్పుడు గర్భం రాకుండా చూసుకోవడం తప్పనిసరి, కడుపులోని మగబిడ్డ ఎదుగుదలకు ముప్పు కనుక. పనిలోపనిగా ఒక అపోహ తొలగించాలి: గీసుకుంటే వెంట్రుక ముతకబారదు. తెగిన కొస మొద్దుగా తగలడం వల్ల అలా అనిపిస్తుంది, అంతే.

తల జుట్టు కథ మరీ కష్టమైనది. నడినెత్తి పలచబడిన స్త్రీలలో బరువు తగ్గడం వల్ల జుట్టు ఎంత తిరిగొచ్చిందో కొలిచిన పరీక్షలు అరుదు. పరిశోధకులు ముఖం మీది రోమాలను లెక్కపెట్టారు గానీ పాపిడిని పెద్దగా పట్టించుకోలేదు. పైగా బరువు తగ్గే తీరే జుట్టును రాల్చవచ్చు. తలలోని వెంట్రుకల్లో 85 నుంచి 90 శాతం ఎప్పుడూ పెరిగే దశలో, మిగతావి విశ్రాంతిలో ఉంటాయి. ఉన్నట్టుండి తిండి సగానికి కోసేస్తే శరీరం ప్రాణావసరం కాని ఖర్చులు తగ్గించుకుంటుంది. పెరుగుతున్న వెంట్రుకలు గుంపుగా విశ్రాంతిలోకి పోయి, రెండు మూడు నెలల తర్వాత దువ్వెనలోకి వచ్చేస్తాయి. మధ్యాహ్నం అన్నం మానేసి, రాత్రి రెండు పండు ముక్కలతో సరిపెట్టుకున్న అమ్మాయికి తిండి కోతకూ జుట్టు రాలడానికీ సంబంధం ఉందని తట్టదు. తిండి తగ్గించింది సంక్రాంతికి, జుట్టు ఊడేది ఉగాదికి. పీసీఓఎస్ ముదిరిందనుకుని ఇంకా గట్టిగా కడుపు కాల్చుకుంటుంది. రక్తహీనత అంకె ఇక్కడే గుర్తుకు రావాలి: ఇనుము నిల్వలు ముందే అడుగంటిన ఒంట్లో ఈ రాలుడు మరింత పెరగవచ్చు.

రాలిన వెంట్రుకను వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురులో చూస్తే కొంత తెలుస్తుంది. మొదలు దగ్గర గుండుసూది తలలా తెల్లటి చిన్న ఉబ్బు ఉంటే అది విశ్రాంతి దశ పూర్తి చేసుకుని ఊడింది. ఇలాంటి రాలుడు తలంతా సమంగా ఉంటుంది, తిండి సరిచేస్తే నెలల్లో సర్దుకుంటుంది. హార్మోన్ వల్ల పలచబడే జుట్టు తీరు వేరు. నుదుటి అంచు నిలిచే ఉంటుంది, పాపిడి నడుమ వెడల్పవుతుంది, అక్కడి వెంట్రుకలు సన్నబడతాయి. దీనికి మినాక్సిడిల్ వంటి పూత మందు నెలల తరబడి వాడాల్సి ఉంటుంది. రెండూ ఒకరిలోనే ఉండొచ్చు కాబట్టి ఫెరిటిన్ (ఇనుము నిల్వ), థైరాయిడ్ పరీక్షలు చేయించి చూడటం మంచిది. బయోటిన్ మాత్రలు ఆ విటమిన్ లోపం ఉన్నవాళ్లకే పనికొస్తాయి. పైగా అవి వాడుతుండగా థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు.

తడ ప్రాంతపు ఇంటి వంటకు ఇందులో పెద్ద అనుకూలత ఉంది. పులికాట్ చేపలు, రొయ్యలు ఉన్న చోట ప్రొటీన్‌కు కరువు రానక్కర్లేదు. కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ అని మన దేశపు పోషకాహార లెక్క. 70 కిలోల మనిషికి 58 గ్రాములు. వంద గ్రాముల చేపలో ఇంచుమించు 20 గ్రాములు, ఒక గుడ్డులో 6 గ్రాములు దొరుకుతాయి. మిగతాది పప్పు, పెరుగు, శనగలతో పూడ్చుకోవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటవద్దన్నాయి. మన పళ్లెంలో అన్నం అంతకంటే ఎక్కువే ఆక్రమిస్తుంది. అన్నం మానడం కాదు, అన్నాన్ని కాస్త జరిపి పులుసులోని చేప ముక్కకు చోటివ్వడం కావాలి. ఆరు నెలల్లో మూడున్నర కిలోలంటే నెలకు అరకిలో పైచిలుకు. ఈ వేగానికి జుట్టు సాధారణంగా బెదరదు.

ఇక సన్నగా ఉన్నా పీసీఓఎస్ వచ్చినవాళ్లు ఉన్నారు. బరువు తగ్గమన్న సలహా వీళ్లకు వర్తించదు, హాని కూడా చేయవచ్చు. అయితే భారతీయుల్లో 23 దాటిన బీఎంఐనే అధిక బరువుగా, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటిన నడుమును ముప్పుగా లెక్కిస్తారు కాబట్టి, చూడ్డానికి సన్నగా ఉన్నవాళ్లు సైతం నడుం చుట్టుకొలత ఒకసారి టేపుతో చూసుకోవాలి. మరో సంగతి: కొద్ది నెలల్లోనే రోమాలు విపరీతంగా పెరిగి, గొంతు బొంగురుపోయి, నడినెత్తి ఖాళీ అవుతుంటే అది పీసీఓఎస్ అనుకుని డైటింగ్ మొదలుపెట్టకూడదు. అండాశయాల్లోనో, అడ్రినల్ గ్రంథుల్లోనో గడ్డ ఉందేమో చూడాల్సిన లక్షణాలవి. ఆలస్యం చేయకుండా హార్మోన్ల నిపుణుల దగ్గరికి వెళ్లాలి. తడవాళ్లకు నెల్లూరైనా, చెన్నై లోకల్ రైలెక్కితే అందే పెద్దాసుపత్రులైనా దూరం కాదు.