ఉక్కునగరము – ఉమ్మడి తోట

ఉద్యానమనగా రాజుల విహారభూమి యనుకొను కాలము గతించినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున తిండికొరత యేర్పడగా, పెరళ్ళలో కూరగాయలు పెంచుమని పట్టణవాసులకును ప్రబోధము జరిగెను. 1950లో కేంద్రమంత్రి కె. ఎం. మున్షీ ప్రారంభించిన వనమహోత్సవము, మొక్క నాటుటను ఊరందరి పండుగగా చేసెను.

ఈ చరిత్రలో విశాఖకొక ప్రత్యేకాధ్యాయము కలదు. ఉక్కు కర్మాగారమునకై 1966లో ఆంధ్రులు ఉద్యమించిరి. పలువురు ప్రాణము లర్పించిరి. 1971 జనవరి 20న శ్రీమతి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిరి. కర్మాగారమునకును, దాని ఉద్యోగులు నివసించు ఉక్కునగరమునకును చోటిచ్చుటకై ఎన్నో పల్లెలు లేచిపోయెను. రైతుల పొలములు పోయిన ఆ నేలపైననే లక్షలాది మొక్కలు నాటబడెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడగా విశాఖలో ఏండ్లతరబడి పెరిగిన చెట్లు ఒక్కదినమున కూలెను. మరల నాటవలసి వచ్చెను.

నాటుట సంస్థలకు సాధ్యమే. సాకుట మాత్రము ఇరుగుపొరుగులకే సాధ్యము. వాడవాడనున్న ఉద్యానములలో ఒక మూలను, సంఘభవనముల ముంగిట నాలుగు మడులను వాడవారి కప్పగించినచో బీర, ఆనప, తోటకూర పండును. ఆ మడులకడకు, నాడు భూమి నిచ్చిన రైతుల బిడ్డలను ముందుగా పిలువవలెను. నేల తిరిగి యీయలేము. ఆ నేలను సాగుచేసిన చేతుల నేర్పునకైనను అందు చోటీయవచ్చును గదా!