గుంటూరి గ్రహణము – యంత్రపీఠము



మన ఎ.కొండూరికి దక్షిణముగా, కృష్ణానదికి ఆవలనున్న గుంటూరు పట్టణమున 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము కనబడెను. ఆ దినము శాస్త్రచరిత్రలో చిరస్మరణీయమైనది. దానిని గూర్చి వ్రాయువారు చూచిన కంటిని పొగడుదురు గాని, ఆ కంటిని మోసిన పీఠమును మరచుచుందురు. నేడు నేను ఆ పీఠమును గూర్చియే విన్నవింపదలచితిని.

ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ పండితుడును, ఇంగ్లీషు సైన్యమున ఇంజనీరగు మేజర్ టెనెంటును తమ పరివారములతో గుంటూరున విడిసిరి. మద్రాసు నక్షత్రశాలాధికారి పాగ్సన్ దొర మచిలీపట్నమునకు వచ్చెను. గ్రహణమును ఛాయాచిత్రములుగా పట్టుటకై టెనెంటు తెచ్చిన దూరదర్శినిలో సుమారు 9 అంగుళముల వ్యాసముగల వెండిపూత గాజుదర్పణము కలదు. సంపూర్ణగ్రాసమా, ఆరు నిమిషములు మించదు. ఆ కాలమున గాజుపలకకు మందు పూసి, తడి యారకముందే చిత్రము పట్టి, వెంటనే కడుగవలెను. యంత్రము వణకెనా, సముద్రములు దాటి వచ్చిన శ్రమ యంతయు వ్యర్థము. గ్రహణమును మరల రమ్మని పిలువలేము గదా!

ఇందొక చిక్కు కలదు. సూర్యబింబపు వెడల్పు సుమారు అర డిగ్రీ. ఆకాశము గంటకు 15 డిగ్రీలు తిరుగుచున్నట్లు తోచును. అనగా రెండు నిమిషములలో సూర్యుడు తన వెడల్పంత దూరము జరుగును. కావున అట్టి యంత్రము నిశ్చలముగా నిలుచుటయే గాక, నిశ్చలముగా నడువవలెను. అందులకై దాని ఇరుసును ధ్రువునివైపు వాల్చి, గడియారపు చక్రములచే త్రిప్పుదురు. లండను నగరమున ధ్రువుడు సుమారు 51 డిగ్రీల యెత్తున నుండును. గుంటూరున 16 డిగ్రీలే. కావున అచట నిట్రముగా నుండు ఇరుసు ఇచట ఇంచుమించు నేలబారుగా వాలును. దానితో బరువు మొగ్గు మారును, పీఠమును తదనుగుణముగ మార్చవలెను.

బరువును నిలుపు విద్య మన పల్లెలకు క్రొత్త కాదు. కావడి మోయువాడు బద్దను తుల్యస్థానమున భుజముపై నుంచుకొనును. ఏతమునకు తోకవైపున బరువు కట్టుదురు. మూడు పొయ్యిరాళ్లపై కుండ కదలదు. నాలుగు కోళ్ల మంచము మిట్టపల్లపు నేలపై ఊగును. దూరదర్శినికి ఎదురుబరువు కట్టుటకును, కెమెరాకు ముక్కాలి అమర్చుటకును మూలసూత్రములివియే.

ఆ దినమున పలుచని మబ్బులు అడ్డువచ్చినను, టెనెంటు బృందము ఆరు చిత్రములు పట్టెను. జాన్సెను పట్టకముద్వారా సూర్యుని అంచున లేచు ఎర్రని జ్వాలల వెలుగును విభజించి చూచి, అవి మండుచున్న వాయువులని, అందు ప్రధానమైనది హైడ్రోజనని గుర్తించెను. ఆ రేఖలు మిక్కిలి ప్రకాశవంతములగుటచే గ్రహణము లేకున్నను అగపడునని తలచి, మరునాడే గుంటూరున చూచి నిరూపించెను. జ్వాలల వెలుగులోని పసుపురేఖ ఏ పదార్థపుదో అప్పటికి తెలియదు. దానికి కారణమగు హీలియమును రామ్సే పండితుడు భూమిపై 1895లో కనుగొనెను.

నేడు మన యువకులు కొల్లేటి పక్షులను చిత్రించుటకు చేయంత పొడవైన కటకములను కొనుచున్నారు. కటకము కెమెరాకంటె బరువైనచో, కెమెరాను ముక్కాలికి బిగించినంత మాత్రమున చాలదు. ముందరి బరువు క్రిందికి లాగును, బిగింపు సడలును, చిత్రము చెదరును. కటకము నడుమనున్న పట్టీని పీఠమునకు బిగించి, కావడివలె తూకము చూచుకొనవలెను. గాలి వీచునపుడు ముక్కాలి నడుమ ఇసుకసంచి వ్రేలాడదీయుట మేలు.

కటకమునకు వేలు వెచ్చించి పీఠమునకు పిసినిగొట్టగు మనుమని చూచినచో, గుంటూరి గ్రహణకథ వానికి చెప్పుడు. పునాది కంటికి కనబడదు. ఇల్లు నిలుచునది మాత్రము దానిమీదనే.

సెలవు.