ఒకే ఇంజిన్, ఇరవైకి పైగా కార్లు: ఫియట్ 1.3 మల్టీజెట్ కథ

ఈ ఎపిసోడ్ ఐడియా మా బాబాయ్ బండిలో పుట్టింది. ఆయన హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతారు. బండి 2013 మోడల్ డిజైర్, డీజిల్. "మారుతి ఇంజిన్ రా ఇది, ఎంత తిప్పినా అలసిపోదు" అని ఎప్పుడూ అంటుంటారు. మొన్న పండక్కి ఊరెళ్తూ నేను ఊరుకోకుండా, "బాబాయ్, ఇది మారుతి ఇంజిన్ కాదు, ఫియట్‌ది" అన్నాను. ఆయన నా వైపు చూసి, "ఏంటీ, ఆ పాత పద్మినీ కార్ల ఫియటా? వాళ్ల బండి ఇప్పుడు రోడ్డు మీద ఒక్కటైనా కనబడుతోందా నీకు?" అన్నారు.

కరెక్ట్ ప్రశ్న. ఇంజిన్ మాత్రం ఊరూరా తిరుగుతోంది, దాన్ని కనిపెట్టిన కంపెనీ బోర్డు ఎక్కడా లేదు. ఇది ఎలా జరిగిందో చూద్దాం.

ముందు అసలు టెక్నాలజీ సంగతి. పాతకాలం డీజిల్ ఇంజిన్‌లో ఇంజెక్షన్ జరగాల్సిన ప్రతిసారీ పంపు అప్పటికప్పుడు డీజిల్‌ని నెట్టాలి. అంటే ప్రతి బిందెకీ ఒకసారి మోటార్ వేసినట్టు. కామన్ రైల్ అలా కాదు. ఇంటి మీద ట్యాంక్ కట్టి, అన్ని కుళాయిలకీ ఒకే పైపు ఇచ్చినట్టు. ఆ పైపులో డీజిల్ ఎప్పుడూ భారీ ప్రెషర్‌లో రెడీగా ఉంటుంది. ఏ కుళాయి ఎప్పుడు, ఎంతసేపు తెరవాలో కంప్యూటర్ చెబుతుంది.

ఈ ఆలోచన ఒక్కరిది కాదు. జపాన్‌లో డెన్సో 1995లోనే లారీలకి తెచ్చింది. కానీ కార్లకి సరిపోయేలా దీన్ని తయారుచేసింది ఫియట్ పరిశోధకులు. తీరా ఫ్యాక్టరీలో లక్షల్లో తయారుచేసే టైమ్‌కి ఫియట్ దగ్గర డబ్బు లేదు. 1990ల మధ్యలో దాన్ని జర్మనీ కంపెనీ బాష్‌కి అమ్మేసింది. 1997లో ఆల్ఫా రోమియో 156 కామన్ రైల్‌తో వచ్చిన మొదటి కారు అయింది. ఆల్ఫా ఫియట్ గ్రూప్‌దే కాబట్టి ఆ పేరైనా దక్కింది. ఆ తర్వాత ప్రపంచంలో ఎవరు కామన్ రైల్ డీజిల్ కారు చేసినా, చాలాసార్లు బిల్లు కట్టింది మాత్రం బాష్‌కే.

"ఫియట్ తెలివితక్కువగా అమ్మేసింది" అని చాలామంది అంటారు. నాకు అలా అనిపించదు. మైక్రాన్లలో కొలిచే ఇంజెక్టర్లని లక్షల సంఖ్యలో, తేడా రాకుండా తయారుచేయడం ల్యాబ్‌లో ప్రోటోటైప్ నడపడం లాంటిది కాదు. మన ల్యాప్‌టాప్‌లో కోడ్ రన్ అవ్వడం వేరు, ప్రొడక్షన్‌లో కోటి మంది వాడినా పడిపోకుండా ఉండడం వేరు. ఆ రెండో పని బాష్ చేసింది.

2003లో అసలు హీరో వచ్చాడు, 1.3 మల్టీజెట్. నాలుగు సిలిండర్లు, 16 వాల్వులు, మొత్తం 1248 సీసీ. తయారీ పోలండ్‌లోని బియెల్స్కో-బియావా ఫ్యాక్టరీలో. మొదటి కామన్ రైల్ ఇంజిన్లు ప్రతి సైకిల్‌లో డీజిల్‌ని రెండు విడతలుగా కొట్టేవి, ముందు కొంచెం, తర్వాత అసలు డోసు. మల్టీజెట్ ఐదు విడతల వరకూ కొట్టగలదు. డీజిల్ మొత్తం ఒకేసారి భగ్గుమంటే ఆ "టకటక" శబ్దం, ఆ వణుకు వస్తాయి. విడతలుగా మండితే ప్రెషర్ మెల్లగా పెరుగుతుంది, ఇంజిన్ నెమ్మదిగా ఉంటుంది, పొగ తగ్గుతుంది. బెల్ట్ బదులు టైమింగ్ చెయిన్ పెట్టారు. 2005లో దాని సైజు కేటగిరీలో ఇంజిన్ ఆఫ్ ద ఇయర్ అవార్డు కూడా వచ్చింది.

ఇక్కడే కథలోకి జనరల్ మోటార్స్ వస్తుంది. 2000లో జీఎం ఫియట్ కార్ల విభాగంలో 20 శాతం వాటా కొంది. ఆ ఒప్పందంలో ఒక క్లాజ్ ఉంది. ఫియట్ కావాలనుకుంటే మిగతా 80 శాతాన్ని కూడా జీఎం చేత కొనిపించొచ్చు. 2005 వచ్చేసరికి ఫియట్ కార్ల వ్యాపారం అప్పుల్లో మునిగిపోయి ఉంది. ఎవరూ దాన్ని కొనాలనుకోవట్లేదు, జీఎం అసలే అనుకోవట్లేదు. ఫియట్ బాస్ సెర్జియో మార్కియోనె ఆ క్లాజ్‌ని చూపించి బేరం పెట్టాడు. "మా కంపెనీని కొనకుండా ఉండాలంటే డబ్బు కట్టు" అన్న లెక్క. జీఎం దాదాపు 200 కోట్ల డాలర్లు కట్టి బయటపడింది! నాకు తెలిసి కార్ల చరిత్రలో ఇంత విచిత్రమైన విడాకులు ఇంకోటి లేవు. విడిపోతూ జీఎం ఒకటి మాత్రం వదల్లేదు, ఈ 1.3 డీజిల్ మీద తన హక్కు.

ఇప్పుడు ఇండియాకి వద్దాం. సుజుకి దగ్గర పెట్రోల్ ఇంజిన్లు అద్భుతంగా ఉన్నాయి, మంచి చిన్న డీజిల్ లేదు. ఫియట్ నుంచి లైసెన్స్ తీసుకుని మానేసర్‌లో ఈ ఇంజిన్ తయారుచేయడం మొదలుపెట్టింది. 2007 జనవరిలో స్విఫ్ట్ డీజిల్ వచ్చింది. పేరు డీడీఐఎస్, 75 హార్స్‌పవర్, 190 ఎన్‌ఎం టార్క్. అదే ఏడాది ఫియట్, టాటా చేతులు కలిపి పుణె దగ్గర రంజన్‌గావ్‌లో జాయింట్ వెంచర్ పెట్టాయి. అక్కడ తయారైన ఇంజిన్ ఇండికా విస్టాలో క్వాడ్రాజెట్ అయింది. జీఎం తన హక్కుతో షెవర్లే సెయిల్, ఎంజాయ్‌లలో స్మార్‌టెక్ అని పెట్టింది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. ఒకే రెపో, నాలుగు ఫోర్కులు, నాలుగు లోగోలు.

లిస్ట్ చెప్తే మీకే నవ్వొస్తుంది. మారుతిలో స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఎస్ఎక్స్4, ఎర్టిగా, సియాజ్, ఎస్-క్రాస్, బలేనో, బ్రెజా, ఇగ్నిస్. టాటాలో విస్టా, మాంజా, జెస్ట్, బోల్ట్. ఫియట్ సొంతంగా పాలియో, పుంటో, లీనియా, అవెంచురా. బాబాయ్ చెప్పిన ఆ పద్మినీ కార్లు చేసిన ప్రీమియర్ కంపెనీ కూడా తన రియోలో ఇదే పెట్టింది. ఆటో జర్నలిస్టులు "నేషనల్ ఇంజిన్" అని ఊరికే అనలేదు.

షెవర్లే బీట్ డీజిల్ ఈ లిస్ట్‌లో లేదు, కానీ అది దీని తమ్ముడే. 1248ని నాలుగుతో భాగించి మూడుతో గుణించండి. 936. బీట్ ఇంజిన్ సరిగ్గా 936 సీసీ. ఒక సిలిండర్ తీసేశారు, అంతే!

కుటుంబంలో పెద్ద తేడా టర్బో దగ్గర ఉంది. 75 హార్స్‌పవర్ వెర్షన్‌లో మామూలు టర్బో. 90 వెర్షన్‌లో లోపలి రెక్కలు కోణం మార్చుకునే వేరియబుల్ జామెట్రీ టర్బో. రెండింటిలోనూ 2000 ఆర్పీఎమ్ కింద బండి బద్ధకంగా ఉంటుంది, దాటగానే వెనక నుంచి ఎవరో తోసినట్టు దూకుతుంది. స్విఫ్ట్ డీజిల్ నడిపినవాళ్లకి ఆ తోపు గుర్తుండే ఉంటుంది. నాకైతే అమీర్‌పేట ట్రాఫిక్‌లో అదొక శిక్ష, ఔటర్ రింగ్ రోడ్డు మీద మాత్రం పండగ.

సరే, ఇంజిన్ మంచిదే. కానీ అంత గిరాకీ ఇంజినీరింగ్ వల్లే వచ్చిందా? లేదు. 2010 జూన్‌లో కేంద్రం పెట్రోల్ ధర మీద నియంత్రణ తీసేసింది, డీజిల్ మీద ఉంచింది. 2012 మే నెలాఖరుకి ఢిల్లీలో పెట్రోల్ లీటర్ 73 రూపాయలు దాటింది, డీజిల్ 41 దగ్గరే ఆగింది. లీటర్‌కి 32 రూపాయల తేడా, పైగా మైలేజ్ ఎక్కువ. రోజూ తిరిగే క్యాబ్ వాళ్లకి ఇంకో ఆలోచన ఎందుకొస్తుంది? గిరాకీ ఎంత పెరిగిందంటే, మానేసర్ ప్లాంట్ చాలక 2012 జనవరిలో మారుతి వెళ్లి ఫియట్‌తో ఇంకో ఒప్పందం చేసుకుంది. ఏడాదికి లక్ష ఇంజిన్లు, మూడేళ్ల పాటు, రంజన్‌గావ్ నుంచి. అదే సమయంలో పుంటో, లీనియా షోరూముల్లో కొనేవాళ్లు దొరక్క నిలబడి ఉన్నాయి. ఒకే ఇంజిన్, ఒకే ఫ్యాక్టరీ. మారుతి బానెట్ కిందకి వెళ్తే నెలల వెయిటింగ్, ఫియట్ బానెట్ కింద ఉంటే డిస్కౌంట్. జనం కొన్నది ఇంజిన్ ఒక్కటే కాదు. పక్క వీధిలో మెకానిక్, స్పేర్ పార్ట్, అమ్మేటప్పుడు వచ్చే రేటు కూడా కొన్నారు. అవి ఇవ్వడం ఫియట్‌కి చేతకాలేదు.

2014 అక్టోబర్‌లో డీజిల్ ధర మీద కూడా నియంత్రణ పోయింది. తేడా తగ్గుతూ వచ్చింది. 2015లో సియాజ్‌కి చిన్న బ్యాటరీ, మోటార్ జోడించి ఎస్‌హెచ్‌వీఎస్ అన్నారు, కంపెనీ మైలేజ్ లీటర్‌కి 28.09 కిలోమీటర్లు. కొంతకాలం ఊపిరి పోసింది. కానీ 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6. ఆ పొగ రూల్స్ దాటాలంటే పార్టిక్యులేట్ ఫిల్టర్, నైట్రోజన్ ఆక్సైడ్లకి వేరే ట్రీట్‌మెంట్, అన్నీ ఖర్చే. ఎస్‌యూవీలో ఆ ఖర్చు కలిసిపోతుంది, స్విఫ్ట్‌లో కలవదు. 2019 ఏప్రిల్‌లో మారుతి డీజిల్ కార్లు ఆపేస్తామని ప్రకటించింది. 2020 మొదట్లో ఈ ఇంజిన్ కథ మన దేశంలో ముగిసింది. ఆ జూన్‌లోనే ఢిల్లీలో డీజిల్ ధర పెట్రోల్‌ని దాటింది. అప్పటికి ఫియట్ బ్రాండ్ ఇండియా నుంచి వెళ్లిపోయింది. పోలండ్‌లోని ఆ ఫ్యాక్టరీని మూసేస్తున్నట్టు 2024 జనవరిలో స్టెల్లాంటిస్ ప్రకటించింది. ఫియట్ ఇప్పుడు వాళ్ల గ్రూపులోనే ఉంది.

ఇదంతా ఊరు చేరేలోపు బాబాయ్‌కి చెప్పాను. సూర్యాపేట దగ్గర టీకి ఆగినప్పుడు బానెట్ ఎత్తి చాలాసేపు చూశారు. "ఎక్కడా ఫియట్ అని రాసి లేదు కదరా" అన్నారు. రాయరు బాబాయ్ అన్నాను. మూత దించి, "సర్లే, ఎవరిదైతేనేం, మూడున్నర లక్షల కిలోమీటర్లు తిరిగింది" అని టీ డబ్బులు ఇవ్వడానికి వెళ్లారు.

మీ ఇంట్లో ఈ ఇంజిన్ ఉన్న బండి ఉంటే, మీటర్‌లో ఎన్ని కిలోమీటర్లున్నాయో కింద రాయండి. మా బాబాయ్ చూస్తానన్నారు.