నాలుగణాల సభ, అణా సంఘం

నిజాం రాజ్యంలో నలుగురు కూడి మాట్లాడుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు అందుకోసమే. అలాంటి రోజుల్లో, 1930లో, జోగిపేటలో అక్కడి తెలుగువారి తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షుడు పాలమూరు జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి. తన భాషలో చదివి, తన చరిత్ర తెలుసుకుంటే తెలుగువాడు తలెత్తుకుంటాడని ఆయన నమ్మకం. ఇక్కడ తెలుగు కవులే లేరన్న మాటకు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి బదులిచ్చారు.

1931లో నల్లగొండ జిల్లా దేవరకొండ సభకు బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షులు. ఆయనదీ పాలమూరే, వృత్తి వకాలత్. ఏ మార్పైనా చట్టం దారిలోనే రావాలనేవారు. కౌలు రైతుకు రక్షణనిచ్చిన 1950 చట్టం వచ్చేనాటికి రెవెన్యూ మంత్రి ఆయనే.

ఈ ఇద్దరి కాలంలో మహాసభ చదువుకున్నవారిది. దాన్ని వెట్టి చేసేవాడి గడపకు చేర్చినవారు రావి నారాయణరెడ్డి. భువనగిరి దగ్గరి బొల్లేపల్లిలో భూస్వామి ఇంట పుట్టారు. కాకినాడ వెళ్లి ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నారు, హరిజన సేవక సంఘంలో పనిచేశారు, ఆ తర్వాత కమ్యూనిస్టయ్యారు. దారి మారినా, అడుగునున్న మనిషే ముందన్న పట్టు మారలేదు. 1941లో చిలుకూరులో, 1944లో భువనగిరిలో ఆయనే అధ్యక్షులు. భువనగిరిలో సభ్యత్వ రుసుము నాలుగణాల నుంచి అణాకు దిగింది. మితవాదులు వేరుపడ్డారు. ఊళ్లు మాత్రం మహాసభను ‘సంఘం’ అని పిలుచుకున్నాయి. 1946లో కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య భూస్వామి మనుషుల కాల్పుల్లో నేలకొరిగాడు. మరుసటి ఏడాది సాయుధ పోరుకు పిలుపునిచ్చినవారిలో రావి ఒకరు.

1948లో భారత సైన్యం వచ్చి నిజాం పాలన ముగిశాక, ఇక తుపాకీ దించాలన్నదీ ఆయనే. సొంత పార్టీ వినలేదు. 1951 అక్టోబరులో గానీ పోరాట విరమణ జరగలేదు.

1952 ఎన్నికల్లో ముగ్గురూ గెలిచారు. సురవరం వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లారు, బూర్గుల హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావికి 3 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి, నెహ్రూకు వచ్చినవాటికన్నా ఎక్కువ. అణా పెట్టి సంఘంలో చేరిన జిల్లా అది.